మా బావని కరవని సాలీడు

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు కులాసానా అని అడగను. నీకేం, నువ్వెప్పుడూ కులాసాయే. నిన్ను భరించేవాళ్ళకే ఆ భాగ్యం లేదు.

మీ ఉన్ని గోడౌనులో గోతాలు కుట్టే మిషను మొరాయించిందనీ, పరాయివాణ్ణి పిలవడం ఎందుకనీ నువ్వు కబురు పెడితేనే కదా మీ బావ పనిముట్ల పెట్టె సర్దుకుని వచ్చారు! రెండు రోజుల పని ఒకటిన్నర రోజులో ముగించి, నీతో చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చి పడ్డారు. గుమ్మంలో నిలబడి ఆయన అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నీ తమ్ముడి గదిలో అరచెయ్యంత సాలీడుందే." రెండో మాట, "మధ్యాహ్నం నడుం వాలుద్దామని దుప్పటి ఎత్తితే నా వంకే చూస్తోందే."

ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి. స్క్రూడ్రైవరు మొన మిషనుకి తాకించి, పిడి కుడిచెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటే లోపల ఏ చక్రానికి పన్ను అరిగిందో చెప్పేస్తారు. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి, చెప్పుల్లేకుండా మీ గోడౌను వాకిట్లో పరిగెత్తారట. కూలీలంతా బేళ్ళు దింపడం మానేసి చూశారట. నువ్వు తూకం బల్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వావట.

నిజం చెప్పు. ఆ సాలీడు దానంతటది వచ్చిందా, నువ్వు తెచ్చిపెట్టావా?

నీ అక్క

తా.క.: అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు కుడివైపుకి వాలిపోతాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నా. నిటారుగా రాయి.

* * *

అక్కా,

నీ తిట్లు భద్రంగా అందాయి. గొంతులో బలం తగ్గలేదని తెలిసి సంతోషించా.

సాలీణ్ణి నేనెందుకు తెస్తానే? గొర్రె ఉన్ని బేళ్ళు పైకప్పు దాకా పేర్చిన గోడౌను ఇది. వాటిలో లేనిదేముంది? ముళ్ళుంటాయి, గడ్డి ఉంటుంది, పురుగూ పుట్రా ఉంటాయి, పోయినేడు ఒక బేలులో ఎవరిదో ఎడమకాలి బూటు కూడా వచ్చింది. బూటే వచ్చినప్పుడు సాలీడు రాకూడదా?

అది సాలీళ్ళలో పెద్దమనిషి. నల్లటి ఒళ్ళు, ఒంటినిండా బొచ్చు, ఎర్రటి కళ్ళు. బావ వంక చూసిన మాట నిజమే, కాని చెడ్డ ఉద్దేశంతో చూడలేదు. ఆయన పారిపోయాక అందరం వెతికాం. మేస్త్రీ కర్ర పట్టుకున్నాడు, నేను సంచి పట్టుకున్నా, మా గోడౌను కుక్క బూడిదగాడు వాసన పట్టాడు. దొరకలేదు.

అన్నట్టు, పగలంతా నా మంచం మీద పడుకునేది ఆ బూడిదగాడే. వాణ్ణి కిందకి దింపి, అదే మంచం మీద బావకి పక్క వేశా. ఇంత మర్యాద చేస్తే ఆ ముక్క నీతో చెప్పలేదు చూశావా! మనిషికి మంచి గుర్తుండదు.

నీ ఒక్కగానొక్క తమ్ముడు

తా.క.: బావ పరుగు బాగుంది. ఆ ఊపులో తూకం బల్ల మీదుగానే వెళ్ళాడు. నేను అలవాటు కొద్దీ తూకం చీటీ రాసేశా. కావాలంటే పంపిస్తా.

* * *

తమ్ముడూ,

వేళాకోళం కట్టిపెట్టి చదువు.

మీ బావ నడుం మీద, బెల్టు కట్టే చోట, చిన్న మచ్చ లేచింది. దోమేమో అనుకున్నాం. చూస్తూండగానే మధ్యలో నల్లగా మాడిన చెక్కు కట్టింది. చుట్టూ ఎరుపు. ఇస్త్రీపెట్టె మొన తగిలినట్టుంది. నొప్పి లేదంటారు కాని నిన్నటినుంచీ జ్వరం, తల పగిలిపోయే నొప్పి.

వీధి చివర కళ్ళజోడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన మచ్చ చూసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "ఏమన్నా కరిచిందా?" అన్నారు. మీ బావ "సాలీడు" అన్నారు. అంతే, డాక్టరు మొహం వెలిగిపోయింది. ఇలాంటి నల్లమచ్చ సాలీడు విషం వల్లే వస్తుందట. పూతమందు రాశారు, నొప్పికి మాత్ర రాశారు. ఆ సాలీడు వివరాలు నీ చేత రాయించి తెమ్మన్నారు. ఎంత పొడవు, ఏ రంగు, ఎక్కడ ఉంటుంది.

వెంటనే రాయి.

నీ అక్క

తా.క.: ఆ డాక్టరు దగ్గరికి ఈ ఏడాది సాలీడు కరిచినవాళ్ళు ఆరుగురు వచ్చారట. ఆరుగురిలో ఒక్కరు కూడా సాలీణ్ణి చూడలేదట. మీ బావ చూశారనేసరికి ఆయనకి బెంచీ బదులు కుర్చీ వేశారు.

* * *

అక్కా,

నీ ఉత్తరం తూకం బల్ల దగ్గరే చదివా. రెండు బేళ్ళు తూచకుండానే లోపలికి పోయాయి.

చూడు, ఇది ఆ సాలీడు పని కాదు. నాకు బాగా తెలుసు. అది కరిచే రకం కాదు. సాధువు. కదలమన్నా కదలదు. పొడవు నాలుగంగుళాలు, రంగు నలుపు అని నీ డాక్టరుకి చెప్పు. విషం ఉందా అంటే లేదని చెప్పు. పళ్ళున్నాయా అంటే అవీ లేవని చెప్పు. నీకెలా తెలుసని అడిగితే, మా తమ్ముడు చాలా పురుగుల్ని చూశాడు, ఏడో తరగతి మూడేళ్ళు చదివాడు, అనుభవం ఉంది అని చెప్పు.

అసలా డాక్టరు మాట పక్కనపెట్టి ఇంకో డాక్టరుకి చూపించు. చూపించేటప్పుడు సాలీడు ఊసు ఎత్తకు. ఎందుకని అడక్కు. నా మాట వినవే, ఒక్కసారి.

నీ తమ్ముడు

తా.క.: దానికి ఆకలి కూడా వెయ్యదు.

* * *

ఒరేయ్,

నీకు బాగా తెలుసా? అంటే పెంచుతున్నావా!

నీ ఉత్తరం డాక్టరుకి చదివి వినిపించా. ఆకలి వెయ్యని సాలీడు ఆయన పుస్తకంలో లేదట. ఇది కొత్త జాతి కావచ్చట. గాలి పోయేలా మూతకి చిల్లులు పెట్టి, సీసాలో బతికుండగానే పంపమన్నారు. పూతమందు రెండు పూటలనుంచి మూడు పూటలకి పెంచారు.

మచ్చ అలాగే ఉంది. జ్వరం దిగడం లేదు. ముందుగదిలో బాగుచేయాల్సిన మిషన్లు చీటీలు కట్టించుకుని వరసగా కూర్చున్నాయి. నిన్న పొద్దున్న లేచి, వద్దన్నా వినకుండా, వాటిలో ఒకదానికి స్క్రూడ్రైవరు ఆనించి కుడిచెవి పెట్టారు. చాలాసేపు విన్నారు. "లోపల ఏదో గుయ్యిమంటోందే" అన్నారు.

మిషను ఆగి ఉంది.

నీ అక్క

తా.క.: సీసా త్వరగా పంపు. డాక్టరు దానికి తన పేరు పెట్టుకోవాలని చూస్తున్నారు.

* * *

అక్కా,

ఈ ఉత్తరం కంటే ముందు నీకు తంతి అందుతుంది. అందులో ఉన్నదే నిజం. ఆ సాలీడు రబ్బరుది.

రైలు స్టేషను బయట బొమ్మల బండి మీద కొన్నా. మేస్త్రీ మీద వాడదామని కొన్నా. బావ వస్తున్నాడని తెలిసి ఆయనకి కేటాయించా. ఆయన అరిచి ఊరుకుంటాడు, చూపించి ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నా. పరిగెత్తుతాడనుకోలేదు. పరిగెత్తాక వాకిలంతా నవ్వింది. అప్పుడు చూపిస్తే ఇంకా నవ్వేవాళ్ళు. చూపించలేకపోయా. తర్వాత నువ్వు ఉత్తరంలో అడిగితే, నీకు చెప్తే ఆట అయిపోతుందని చెప్పలేదు. ఇప్పుడు ఆట లేదు, ఏమీ లేదు. కరిచింది ఇంకేదో. వేరే డాక్టరుని చూడండి.

తంతి ఆఫీసులో "సాలీడు రబ్బరు వేరే డాక్టరుని చూడండి" అని రాసిస్తే గుమాస్తా మూడుసార్లు చదివి, "ఇది పోలీసులకి చూపించాలా?" అన్నాడు. వాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేశా.

నమ్మవని తెలుసు. అందుకే ఆ సాలీణ్ణే పార్సిలు చేస్తున్నా. నేనే వచ్చేవాణ్ణి, కాని సరుకు దిగే వారం ఇది, బల్ల దగ్గర రెండోవాడు లేడు.

నీ తమ్ముడు

తా.క.: కాలు పట్టుకుని లాగి చూడు, సాగుతుంది. అంతకంటే గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

* * *

నీకు అసలు గుండె అనేది ఉందా?

పార్సిలు ఆయన పేరున పంపావు. మంచం మీద కూర్చుని ఆయనే విప్పారు. నూట నాలుగు జ్వరంలో ఉన్న మనిషి ఒళ్ళో అది పడింది. ఆ అరుపుకి పక్కింటి దర్జీ ఆవిడ కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఒక మనిషి మంచం పట్టి ఉంటే వెక్కిరించడానికి తంతి ఒకటి, దాని వెనక పార్సిలు ఒకటి! ఆరేళ్ళ కిందట నువ్విచ్చిన తంతి మర్చిపోయావా? మంత్రిగారు మన వీధికి వస్తున్నారు, మీ ఇంట్లో టీ తాగుతారు అని! నేను ఇంటికి రంగులేయించా. వీధివాళ్ళు గుంటలు పూడ్చారు. మంత్రీ రాలేదు, టీ చల్లారిపోయింది. అలాంటి వాడి మాట మీద డాక్టరుని మార్చమంటావా? తప్పు నీ మీదకి రాకుండా, నిజం సాలీణ్ణి రబ్బరుది చేస్తున్నావు. అంతేగా!

ఇక నువ్వు రాయకు. రాకు. నీ మొహం చూపించకు.

నేను ఇట్లు అని కూడా రాయను.

తా.క.: సాగదీసి చూశా. సాగింది. అయితే ఏమిటి? రబ్బరు సాలీడు ఒకటుందని తేలింది, నిజంది లేదని తేలలేదు.

* * *

అక్కా,

పెద్దాసుపత్రి గేటు దగ్గర నిలబడి రాస్తున్నా. వేరే కాగితం లేక తూకం చీటీ వెనక రాస్తున్నా. ఇంటికెళితే తాళం ఉంది. దర్జీ ఆవిడ చెప్పింది, బావకి మాట తడబడుతోందని ఇక్కడికి తెచ్చారని. సరుకు సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. నన్ను లోపలికి రానివ్వద్దని నువ్వే చెప్పావట, సరే, రాను. ఈ చీటీ ఆయా చేత పంపిస్తున్నా.

బూడిదగాడి చెవుల్లో చూశా. పిడుదులు. రక్తం తాగి ఉబ్బి ఉన్నాయి, పదకొండు తీశా. నా మంచం పట్టీల సందుల్లో ఇంకో నాలుగు. బావ పడుకున్న మంచమే. కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అంతా చెప్పా. ఆయన అడిగాడు, "ఆ మనిషికి నల్లగా మాడిన మచ్చ ఉందా? జ్వరం ఉందా? అరచేతుల్లో ఎర్రచుక్కలు వచ్చాయా?" అని. పిడుదు కరిస్తే అలాగే అవుతుందట. కరిచినట్టు కూడా తెలియదట. దీనికి మందు వేరేనట, మామూలు మాత్రలేనట, ఆలస్యం చేయకూడదట.

ఈ చీటీ అక్కడి డాక్టరు చేతిలో పెట్టు. నన్ను నమ్మొద్దు. ఆయన చేతులు తిప్పి చూడమను చాలు.

తా.క. లేదు.

* * *

చీటీ చూపించా. తా.క. లేని నీ ఉత్తరం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. భయమేసింది.

ఇక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. చదివి, ఆయన అరచేతులు తిప్పింది, అరికాళ్ళు చూసింది. చుక్కలున్నాయి. "కుక్కల సంగతి ముందే ఎవరూ అడగలేదా?" అంది. లేదన్నా. మందు మార్చింది.

గేటు దగ్గరే ఉండు. లోపలికి రాకు. ఆయాతో టీ పంపిస్తున్నా, తాగు.

* * *

అక్కా,

బావ ఇంటికొచ్చి నెల దాటింది. దర్జీ ఆవిడకి రాసి కబుర్లు తెలుసుకుంటున్నా. మందు మార్చిన రెండో రోజుకే జ్వరం దిగిందని తెలిసినప్పుడు ఈ బల్ల మీద కూర్చునే ఏడ్చా. కూలీలు అదీ వేళాకోళమే అనుకున్నారు. ఒకడు చప్పట్లు కొట్టాడు.

నిన్నటి ఉత్తరంలో ఆవిడ బావ కుడిచెవికి వినికిడి పోయిన సంగతి రాసింది. ఇక రాదని డాక్టరమ్మ చెప్పిందట కదా. మందు ఇంకో వారం ముందు పడి ఉంటే దక్కేదేమో అందట కదా.

ఆ వారం నాది. లెక్క నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరానికి జవాబుగా "రబ్బరుది" అన్న ఒక్క మాట రాసి ఉంటే డాక్టరు ముందు బావ సాలీడు పేరు ఎత్తేవాడే కాదు. రాయలేదు, నాకు నవ్వు ఇంకా మిగిలి ఉంది కాబట్టి. తర్వాత రాస్తే నువ్వు నమ్మలేదు. నువ్వు నమ్మకపోవడంలో నీ తప్పేమీ లేదక్కా. నలభై ఎనిమిదేళ్ళు కష్టపడి నిన్ను అలా తయారుచేశా. పని చక్కగా కుదిరింది.

ఇక్కడ అందరూ నన్ను అనుమానంగా చూస్తున్నారు. మేస్త్రీ టీ గ్లాసు అందుకునే ముందు వాసన చూస్తున్నాడు, ఏమీ కలపకపోతే ఇంకా భయపడుతున్నాడు. బూడిదగాడికి మందునీళ్ళతో స్నానం చేయించి, మంచం కాల్చేశాం. ఇద్దరం నేల మీద పడుకుంటున్నాం.

బావకి ఏం చెప్పాలో తెలియదు. క్షమించమని రాస్తే, చదివి, "ఇందులో కిటుకేంటే?" అని నిన్ను అడుగుతాడు.

నీ తమ్ముడు

తా.క.: ఇక్కడ ఏదో ఒకటి రాయాలని చాలాసేపు కూర్చున్నా.

* * *

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. డబ్బాలో పెడుతున్నా, తీస్తున్నా. "నీ తప్పేమీ లేదక్కా" అన్న చోటికి వచ్చేసరికి ముందుకి చదవలేకపోతున్నా. నిన్ను తిట్టడానికి నేనెప్పుడూ మాటలు వెతుక్కోలేదు. ఈ ఉత్తరానికి వెతుక్కుంటున్నా.

ఆ రోజు కళ్ళజోడు డాక్టరు మొహం వెలిగిపోయిందని రాశా. వెలగలేదు. మీ బావ "సాలీడు" అనగానే ఆయన నవ్వాడు. "వారం కిందట చూసిన సాలీడుకి ఇప్పుడు జ్వరమా? నిజంగా చూశారా, కలగన్నారా?" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళూ నవ్వారు. మీ బావ తలొంచుకుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నారు, అది కన్నంలోకి దూరడం లేదు. మీ గోడౌను వాకిట్లో కూడా ఇలాగే నిలబడి ఉంటారు అనిపించింది. అక్కడ నేను లేను. ఇక్కడ ఉన్నా.

డాక్టరు నవ్వడం ఆపి ఒక ప్రశ్న అడిగాడు. "ఆ గదిలో కుక్కలేమన్నా ఉన్నాయా?" అడిగాడు తమ్ముడూ. ఎవరూ అడగలేదని పెద్దాసుపత్రిలో చెప్పింది అబద్ధం. బూడిదగాడి సంగతి నీ ఉత్తరంలో చదివే ఉన్నా. జవాబు నాలిక చివర ఉంది. కాని నా చెవుల్లో ఇంకా ఆ బెంచీ నవ్వే ఉంది. "కుక్కా లేదు, నక్కా లేదు. సాలీడే. ఆయన పెట్టెలో పడి మా ఇంటికొచ్చింది. నేనే చూశా, నేనే చెప్పుతో కొట్టి చంపి ఊడ్చి పారేశా. అలాంటివి మా తమ్ముడి గోడౌనులో ఇంకా ఉన్నాయి" అన్నా. ఎలా వచ్చిందో ఆ మాట, కడిగిన ముత్యంలా వచ్చింది. అందరూ నవ్వడం ఆపేశారు. డాక్టరు మర్యాదగా కుర్చీ వేయించి, కలం తీశాడు. ఇంటికొచ్చాక మీ బావ అడిగారు, "నిజంగా చంపావా? నాతో చెప్పలేదే!" అని. "మీరు భయపడతారని" అన్నా. ఆయన నమ్మారు. ఆయన ఎవరినైనా నమ్ముతారు.

తర్వాత నీ తంతి వచ్చింది. నీ ఉత్తరం వచ్చింది. అక్షరాలు నిటారుగా ఉన్నాయి. నిజమని అప్పుడే తెలుసు నాకు. తెలిసే తిట్టా. నీది రబ్బరుదైతే నేను చంపింది ఏది? డాక్టరు అడుగుతాడు, ఆయన అడుగుతారు. నువ్వు అబద్ధాలకోరువని ప్రపంచానికంతా తెలుసు. వెనక దాక్కోవడానికి నాకు అంతకంటే పెద్ద గోడ ఎక్కడ దొరుకుతుంది? దాక్కున్నా. నువ్వు లెక్కేసిన వారంలో చాలా రోజులు నావి.

ఆయన మళ్ళీ పని మొదలుపెట్టారు. స్క్రూడ్రైవరు పిడి ఇంకా కుడిచెవికే వెళుతుంది. కాసేపు అలాగే ఉంచి, ఎడమచెవికి మార్చుకుంటారు. ఎడమచెవికి ఇంకా పని రాదు. నేర్పుకుంటున్నారు.

ఆయనకి నిజం చెప్పేశా అని నీకు రాయగలను. రెండుసార్లు చెప్పా, మొదటినుంచి చివరిదాకా. రెండుసార్లూ కుడివైపు కూర్చుని చెప్పా. మొదటిసారి ఆయన పని చూసుకుంటూనే ఉన్నారు. రెండోసారి నా పెదాలు కదలడం చూసి, నవ్వి, తలూపారు.

ఆదివారం రా. నన్ను ఎడమవైపు కూర్చోబెట్టు. నా అంతట నేను లేచి అటు వెళ్ళలేకపోతున్నా.

నీ అక్క

తా.క.: ఈ ఉత్తరం ఆయనే పోస్టు డబ్బాలో వేసొస్తానని చెప్పులేసుకుని నిలబడ్డారు. "ఇన్ని కాగితాలు! ఏం రాశావే?" అని అడిగారు. "తిట్లు" అన్నా. "పాపం, ఇక చాల్లే వాణ్ణి" అన్నారు.